కారు టాప్ జోలికి వెళ్లకండి

ఏవండీ,

కారు టాప్ నిన్న మూస్తుంటే సగంలో ఇరుక్కున్నది ఇరుక్కున్నట్టే ఉంది. కదలకుండా తాడుతో కట్టాను. పదకొండులోపు అలాగే మెల్లగా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. వారంటీ ఈ రోజుతో ఆఖరు. సూపర్‌వైజర్ తన కళ్లతో చూస్తేనే ఉచితంగా బాగుచేస్తారట. కాగితాలు ముందు సీటు మీద పెట్టాను.

మీకు దండం పెడతాను, మీరు మాత్రం దాన్ని బాగుచెయ్యకండి. కిందటిసారి బయల్దేరే ముందు కాస్త నూనె వేసి, ఏదో బిగించారు. అక్కడ సూపర్‌వైజర్ బటన్ నొక్కగానే అది బుద్ధిగా మూసుకుంది. "దీనికేం రోగం మేడమ్, మా షోరూమ్ బండికన్నా బాగుంది" అని అందరి ముందూ నవ్వాడు. మీరేమో మురిసిపోయారు. తిరిగొచ్చే దారిలో వాన మొదలైతే అది మళ్లీ మొరాయించింది. ఇద్దరం తడిశాం, జలుబు మాత్రం నాకే పట్టుకుంది.

మీ చేతిలో పనితనం ఉంది, కాదనను. ఈ ఒక్క పూట దానికి సెలవివ్వండి. మళ్లీ అక్కడ మనం నవ్వులపాలైతే భరించే ఓపిక నాకిక లేదు.

అన్నట్టు, మీ స్పానర్ల పెట్టె కోసం ఇల్లంతా వెతక్కండి. నాతోపాటు బస్సులో ఆఫీసుకు తీసుకెళ్తున్నాను.