ఫోర్ వీల్ గేరు ముట్టని వ్రతం

నవంబర్ 2, మదనపల్లె

బండి షెడ్డు నుంచి వచ్చింది. నా పెళ్లికంటే పాత వ్యాను. వెనక మంచం, స్టవ్వు, చిన్న సింకు. బురదలో నాలుగు చక్రాలూ లాగడానికి ఫోర్ వీల్ గేరు. వెనక చక్రాలను తిప్పే షాఫ్టు రెండు కొసల్లోని కీళ్లకు మెకానిక్ కృష్ణప్ప కొత్త క్రాసులు వేశాడు.

"ఇంగ పదేండ్లు సూడబల్లేదు సార్" అన్నాడు. పోయినసారీ అదే అన్నాడు. ఈసారి గొంతులో నమ్మకం ఎక్కువ.

నా భార్య వీణ కుప్పంలో లెక్చరర్. నేను ఇక్కడ బీమా ఆఫీసులో. మాకు మిగిలేవి శని, ఆదివారాలు. వాటిలో చాలావాటిని ఈ బండి రోడ్డు పక్కన తినేసింది. నిన్న వీణ ఫోన్‌లో తేల్చేసింది.

"వచ్చే శనివారం గూడా దారిలో నిలబడిందంటే అమ్మేద్దాం. నేను కోప్పడను. మీరు బతిమాలద్దు."

కోప్పడనంటేనే భయమేసింది.

తీర్మానం: తారు రోడ్డు దిగను. ఫోర్ వీల్ గేరు ముట్టను. క్లచ్చి మీద ఊరికే కాలు పెట్టను. మనసు తేలికగా ఉంది. కొత్త మనిషినైనట్టుంది.

నవంబర్ 5, పుంగనూరు

ట్రయల్. బండి వెన్నలా నడిచింది. వీణ తమ్ముడు గోవిందరాజులు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"బావా, ఈ ఫోర్ వీల్ గేరు పంజేస్తాదా, ఊరికే పెట్టినారా?"

పనిచేస్తుందని వేసి చూపించాను. బస్టాండు ముందే, ఎండిన తారు మీద. మలుపులో బండి మొండికేసింది, చక్రాలు కీచుమన్నాయి. పొడి రోడ్డు మీద అలా తిప్పితే షాఫ్టులు మెలిపడతాయని నాకు తెలుసు. కానీ చూపించడం వేరు, వాడడం వేరు. చూపించకూడదని తీర్మానంలో ఎక్కడా లేదు.

నవంబర్ 6, మదనపల్లె

కింద ఏదో చిన్న శబ్దం. పాటల సౌండు పెంచాను. శబ్దం పోయింది.

నవంబర్ 8 శనివారం ఉదయం, పెద్దపంజాణి దగ్గర

కుప్పానికి బయల్దేరాను. రాత్రి వాన పడింది. పొలం దారిలో, బురద మధ్యన ఒక పాల ఆటో. పక్కన పెద్దాయన ఒంటరిగా. మనసొప్పలేదు. ఇది షికారు కాదు, సాయం. తారు దిగాను. ఆటోను చేరేలోపే నా చక్రాలు సగానికి కూరుకుపోయాయి.

"యాడికి పోతాండావప్పా?" అన్నాడు పెద్దాయన.

"మీ ఆటో ఇరుక్కుంది కదా, లాగుదామని."

"నేనేం ఇరుక్కోలా. మావోళ్లు పాలు పిండుకోనొస్తాండారు, వాళ్లకోసరం నిలబడుండా." నా చక్రాల వైపు కాసేపు చూశాడు. "నిన్నెవురు లాగేది ఇబ్బుడు?"

ఫోర్ వీల్ వేశాను. యాక్సిలరేటర్ అణిచిపట్టి క్లచ్చి ఒక్కసారిగా వదిలాను. మళ్లీ వదిలాను. మళ్లీ. కింద టక్ మంది. బయటపడ్డాం. సాయం చేయాలనుకోవడం కూడా సాయమే.

మధ్యాహ్నం, వి.కోట దాటాక

టక్ కాస్తా టకటక అయింది. కృష్ణప్పకు ఫోన్ చేశాను.

"కొత్త క్రాసు గదా సార్, సర్దుకుంటాండాది."

ఎత్తు ఎక్కుతుంటే పూర్తిగా సర్దుకుంది. ఢామ్మని చప్పుడు. ఇంజన్ తిరుగుతోంది, బండి కదలడం లేదు. కిందికి దూరి చూస్తే షాఫ్టు ఒక కొస ఊడి రోడ్డు మీద ఉంది.

చాలాసేపు రాయి మీద కూర్చున్నాను. బండి గురించి కాదు, శనివారం గురించి బాధ. వీణ ఈపాటికి ఇద్దరికీ వండి ఉంటుంది. 'నిలిచిపోయాను, నువ్వు తినేయ్' అని ఫోన్‌లో కొట్టాను. పంపలేకపోయాను.

అప్పుడు తట్టింది. వెనక షాఫ్టు పోతే ముందుది ఉంది. ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలే ఈడ్చుకుపోతాయి. రెండో కొస కూడా విప్పి, షాఫ్టును మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పాను. ముట్టనన్న గేరు వేసి, కుప్పం దాకా తారు రోడ్డు మీదే వచ్చాను. సైకిళ్లు దాటిపోయాయి.

సాయంత్రం, కుప్పం

వీణ వెనక తలుపు తీసింది.

"మంచం మింద పండుకోనుండేది ఎవురు?"

"షాఫ్టు."

"అది ఈడుంటే మీరెట్లొస్తిరి?"

అంతా చెప్పాను. బస్టాండు, పాల ఆటో, అన్నీ. అబద్ధమాడే ఓపిక లేదు. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. దుప్పటికి అంటిన గ్రీజును వేలితో రుద్ది చూసింది.

"దారిలో నిలబడింది. మాట ప్రకారం అమ్మేద్దాం" అన్నాను.

"నిలబడినప్పుడల్లా ఫోన్ జేసి, తినేయ్, రేపొస్తా అంటావుంటిరి. ఈసారి యాల చేయలేదు?"

"రావాలనిపించింది."

"జరపండి దాన్ని" అని లోపలికెక్కి కూర్చుంది. బండి కొన్నాక మొదటిసారి. స్టవ్వు వెలిగించి టీ పెట్టింది. ఇంటి ముందే, కదలని బండిలో, చీకటి పడేదాకా కూర్చున్నాం.

నవంబర్ 10, కుప్పం

ఇక్కడి షెడ్డులో కొత్త క్రాసు వేశారు. ఆఫీసుకు సెలవు చెప్పాను. వీణ కూడా కాలేజీకి చెప్పింది. తీర్మానం మళ్లీ రాసి, ఈసారి గట్టిగా చదివి వినిపించాను. తారు దిగను, గేరు ముట్టను.

"తార్రోడ్డులో పొయ్యేదానికి బస్సుండాది. దీన్ని కొనింది యాలకి?" అంది.

అడవి పక్కన ఒక గుట్ట ఉందట, తనకు ఎప్పటినుంచో చూడాలని ఉందట. దారంతా మట్టి, నడుమ దాటాల్సిన నీళ్ల వంక ఒకటి. రేపు పొద్దున్నే ప్రయాణం.

తీర్మానం ఎల్లుండి నుంచి.