శుక్రుడి పక్కన ఇంకొకడు

ఫిబ్రవరి 3

మా పిల్లదానికి స్కూల్ ప్రాజెక్టు. రోజూ సాయంత్రం ఆకాశంలో గ్రహాలు గుర్తుపట్టి నోట్‌బుక్‌లో బొమ్మ వేయాలట. మిణుకుమిణుకుమంటే నక్షత్రం, నిలకడగా వెలిగితే గ్రహం. నాకే పాఠం చెప్పింది! పదిహేను అంతస్తుల ఎత్తున క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని పనిచేస్తాను, ఆకాశం సంగతి నాకు తెలియదా అన్నాను. అయితే రోజూ నువ్వే చూసి చెప్పు అంది. నోరు జారితే ఇంతే.

ఫిబ్రవరి 4, సాయంత్రం 6:40

పడమట శుక్రుడు. పక్కనే చిన్నగా ఇంకొకడు, శని అయ్యుంటాడు. నెత్తిమీద గురుడు. తూర్పున ఎర్రగా కుజుడు. నోట్‌బుక్‌లో నేనే గీసిచ్చాను.

ఫిబ్రవరి 6

శుక్రుడి పక్కన ఎవరూ లేరంటుంది. శని ఇంకా చాలా కిందికి ఉంటాడని టీచర్ చెప్పిందట. కళ్లజోడు పెట్టుకున్న నువ్వా నాకు చెప్పేది అన్నాను. పెన్సిల్ విసిరికొట్టి లోపలికి పోయింది. అచ్చం నా కోపమే.

ఫిబ్రవరి 7

గురుడి పక్కనా ఒకడున్నాడు. కుజుడి పక్కనా. అందరూ జంటలుగా బయల్దేరారేమిటి? వీధిదీపం కూడా రెండు. కుడికన్ను మూశాను, అన్నీ ఒక్కొక్కటే. ఎడమకన్ను మూశాను, మళ్లీ జంటలు.

పిల్లదానికి చెప్పలేదు.

ఫిబ్రవరి 10

కంపెనీ క్లినిక్‌లో ఏడాదికోసారి చేసే కంటి పరీక్ష. ఆ అక్షరాల చార్టు పన్నెండేళ్లుగా మారలేదు. ఆపరేటర్లందరికీ ఎక్కాల్లా నోటికొచ్చు. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే నేర్పేస్తాం, అదో సరదా మాకు. కుడికంటికి కనిపించినవి బూడిదరంగు మరకలు. అయినా చివరి వరస గడగడా చదివేశాను. నర్సు శభాష్ అని ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చింది. సిగ్గేసింది.

ఫిబ్రవరి 11

అన్న అంటే సొంత అన్న కాదు. కింద నిలబడి నాకు సైగలు చేసే సిగ్నల్‌మాన్. తొమ్మిదేళ్లుగా అన్నే. చీకటి పడుతుంటే హెల్మెట్ లైటు వేసుకున్నాడు. హుక్కుకి రెండు టన్నుల ఇనప చువ్వలు. కింద ఇద్దరన్నలు. ఇద్దరూ చెయ్యి ఊపుతున్నారు. ఏ అన్నకి దూరంగా దించాలి? కుడికన్ను మూసుకుని, అంగుళం అంగుళంగా దించాను.

ఇవాళ ఎంత నెమ్మదిగా దించావు చెల్లెమ్మా అని మెచ్చుకున్నాడు. బాత్రూంలోకెళ్లి ఏడ్చాను.

ఫిబ్రవరి 12

పొద్దున్నే సర్టిఫికెట్ నర్సు టేబుల్ మీద పెట్టేశాను. వరసగా కాదు, మీకు తోచిన అక్షరం మీద పుల్ల పెట్టి అడగండన్నాను. రెండో వరస దాటలేకపోయాను. కుడికంట్లో శుక్లమట. ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది, క్రేన్ సీటు సంగతి తర్వాత చూస్తారట. ఇక చార్టు మారుస్తారని తెలిసి తోటి ఆపరేటర్లు నా మొహం చూడటం లేదు. అన్నకి నిన్నటి సంగతి చెప్పాను. తర్వాత నా బ్యాగు తనే పట్టుకుని బస్‌స్టాప్ దాకా వచ్చాడు.

ఫిబ్రవరి 13

పిల్లదానికి సారీ చెప్పాను. నేను గీసిన శనిని కొట్టేసి, కింద ‘అమ్మ కుడికన్ను’ అని రాసుకుంది.

మార్చి 9, సాయంత్రం 6:50

ఆపరేషన్ అయి రెండు వారాలైంది. సైటు గేటు బయట నిలబడ్డాను. పడమట శుక్రుడు ఒక్కడే. క్రేన్ కింద అన్న ఒక్కడే. నమ్మకం కుదరక రెండుసార్లు లెక్కపెట్టాను.