నా ఫోన్లు నాకే ఇప్పించవలసిందిగా

స్వీకర్త: ఫిర్యాదుల పరిష్కార అధికారి గారు, వసూళ్ల విభాగం, ఐదో అంతస్తు.
అర్జీదారు: అదే భవనం, మూడో అంతస్తు, కిటికీలు లేని వైపు, పద్నాలుగో కుర్చీ.

అయ్యా,

విషయం: బాకీ నిమిత్తం నాకు రావలసిన ఫోన్లు ఒక పళ్ల ఆసుపత్రికి వెళ్తున్నందున, సదరు ఫోన్లను తిరిగి నాకే ఇప్పించుట గురించి.

తమ బల్ల మీదికి వచ్చే అర్జీలన్నీ ఫోన్లు ఆపించమని వేడుకునేవేనని నాకు తెలుసు. ఫోన్లు కావాలని అడిగిన మొదటి మనిషిని నేనే అయితే, నా కోసం కొత్త ఫైలు తెరవనక్కర్లేదు. ఉన్న ఫైల్లోనే ఈ కాగితాన్ని తలకిందులుగా పెట్టుకోగలరు. నాకు మతి చలించలేదు. డిగ్రీ పాసయ్యాను, రెండో తరగతిలో. సంగతులు వరసగా మనవి చేసుకుంటున్నాను.

1. బాకీ. మూడేళ్ల కిందట వాయిదాల మీద ఒక ఖరీదైన ఫోను కొన్నాను. ఆ వాయిదాల కోసం కార్డు గీకాను. కార్డు బాకీ తీర్చడానికి తమ సంస్థలో అప్పు తీసుకున్నాను. ఆ ఫోను కింద పడి పగిలి రెండేళ్లయింది. అప్పు మాత్రం ఎన్నిసార్లు కింద పడ్డా పగల్లేదు. మొత్తం ముప్పై ఆరు వాయిదాల్లో ఇరవై తొమ్మిది కట్టాను. మిగిలినవి ఏడు. మా జీతాలు ఆలస్యమైనందున వాటిలో రెండు గడువు దాటాయి. ఎగ్గొట్టే ఉద్దేశం లేదు. ఇరవై తొమ్మిది కట్టాక ఎగ్గొట్టాలంటే మనిషి మరీ సోమరి అయి ఉండాలి.

2. ఉద్యోగం. తమ సంస్థ బాకీలను ఫోన్లలో వసూలు చేసిపెట్టే కాల్ సెంటరు మాది. నేను చేరినప్పుడు వేరే సంస్థల పని చేసేది, తమ పని పోయిన ఏడాది వచ్చింది. అందువల్ల తమకు బాకీ ఉన్నవాళ్లను అడిగేవాడిని నేనే, తమకు బాకీ ఉన్నవాడినీ నేనే. ఇంట్లో మాత్రం “కస్టమర్ల సేవ” అని చెప్పాను. రోజుకు నూట ఎనభై ఫోన్లు. మొదటి నెల తిట్లన్నీ ఇంటికి మోసుకెళ్లేవాణ్ణి. తర్వాత కుర్చీ దగ్గరే వదిలేయడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఏమీ అనిపించదు. అవతల ఎవరైనా ఏడిస్తే, దానికి ఏ మీట నొక్కాలా అని తెర మీద వెతుకుతాను.

3. మీటలు. తమరు ఐదో అంతస్తులో ఉంటారు గనుక ఇది వివరించవలసి ఉన్నది. ప్రతి ఫోను అయ్యాక మేము నాలుగు మీటల్లో ఒకటి నొక్కాలి. “ఎత్తలేదు” అంటే రెండు గంటల తర్వాత మళ్లీ వస్తుంది. “కడతానన్నాడు” అంటే ఏడు రోజులు వదిలేస్తుంది, కానీ మూడోసారి అదే మీట నొక్కితే ఇంటికి మనుషుల్ని పంపుతుంది. “గొడవ” అంటే మా పైవాడి దగ్గరికి పోతుంది. నాలుగోది “ఈ నెంబరు ఆయనది కాదు”. అది నొక్కితే యంత్రం ఆ నెంబరును శాశ్వతంగా మరిచిపోయి, అప్పు దరఖాస్తులో రాసిన రెండో నెంబరును పట్టుకుంటుంది. “నాలుగోది నొక్కే ముందు రెండో నెంబరు ఎవరిదో చూసుకోండిరా బాబూ” అని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది నేనే. ఆ పాఠానికి నాకు ఒకసారి చప్పట్లు కూడా కొట్టారు.

4. నేరం. పోయిన నెలలో ఒక మంగళవారం, భోజనానికి పావుగంట ముందు, తెర మీద నా పేరు వచ్చింది. నా పేరు, నా నెంబరు, నా బాకీ. మా సొంత ఫోన్లు బయట అరల్లో పెట్టి తాళం వేస్తారు. కాబట్టి అరలో నా ఫోను మోగుతోంది, ఆ మోత నా చెవిలో వినిపిస్తోంది. నేను ఎత్తలేదు. ఎత్తనని నాకు ముందే తెలుసు, అయినా నిబంధన ప్రకారం పన్నెండు మోతల దాకా ఆగాను.

ఇలాంటప్పుడు మా పైవాడికి చెప్పాలి. మా పైవాణ్ణి మేమంతా గడియారం అంటాం, ఎవరు ఎన్ని నిమిషాలు బాత్రూములో ఉన్నారో రాసిపెట్టుకుంటాడు గనుక. చెబితే, గడువు దాటిన బాకీ ఉన్నవాడు ఈ అంతస్తులో కూర్చోకూడదన్న నిబంధన ప్రకారం నన్ను ఇంటికి పంపుతాడు. అందుకని చెప్పలేదు. “కడతానన్నాడు” నొక్కాను. అది అబద్ధం కాదు, కడతానని నాకు నేను నిజంగానే చెప్పుకున్నాను. ఏడు రోజులయ్యాక మళ్లీ నాకే వచ్చింది. మళ్లీ అదే నొక్కాను. మూడో వారం కూడా నాకే వచ్చింది. అదే మీట మూడోసారి నొక్కితే ఇంటికి మనుషులు వస్తారు. నాలుగో మీట నొక్కాను.

ఆ రోజు పొద్దున కూడా ఆరుగురికి ఆ మీట గురించి పాఠం చెప్పాను. రెండో నెంబరు ఎవరిదో నేను చూసుకోలేదు.

5. రెండో నెంబరు. అది మా అక్క పనిచేసే పళ్ల ఆసుపత్రిది. నేనూ అక్కా రెండు గదుల ఇంట్లో ఉంటాం. ఆమె అక్కడ రిసెప్షన్లో కూర్చుంటుంది, తొమ్మిదేళ్లుగా. డాక్టరమ్మ ఒక్కతే, కుర్చీ ఒక్కటే, ఫోనూ ఒక్కటే. అక్క తన ఫోనును సంచి అడుగున పెట్టుకుని మరిచిపోయే మనిషి కాబట్టి అప్పట్లో దరఖాస్తులో ఆసుపత్రి నెంబరు రాశాను. “ఏం కాదక్కా, ఊరికే రాయమంటారు, ఎవరూ చెయ్యరు” అన్నాను. తమ దరఖాస్తు తీసుకున్నవాడు నాతో అన్న మాటే అది.

6. పదిహేను రోజులు నాకు ఫోన్లు రాలేదు. ప్రాణం ఎంత హాయిగా ఉందంటే, సెలూన్‌కు వెళ్లి జుట్టు కత్తిరించుకున్నాను. పదహారో రోజు పక్క కుర్చీలోని అమ్మాయి మాటలు నా చెవిన పడ్డాయి. ఆమెను కోకిల అంటాం. ఫోన్లలో అందరం పెట్టుడు పేర్లే చెబుతాం గనుక నా అసలు పేరు ఆమెకు తెలియదు.

“నమస్కారం మేడమ్. కాదు మేడమ్, అపాయింట్‌మెంటు కోసం కాదు. నా పళ్లు బాగానే ఉన్నాయి మేడమ్. మీ తమ్ముడి గురించి.”

పళ్లు అనగానే నా చేతులు ఆగిపోయాయి.

“ఆయన నిజంగా అక్కడ లేడా, మీరే ఫోను ఇవ్వట్లేదా? అంత వయసొచ్చిన మగాణ్ణి ఆసుపత్రి ఫోను వెనకాల దాచిపెడతారా మేడమ్? పోనీ, డాక్టరుగారికి ఇవ్వండి. ఆవిడకే చెప్పుకుంటాను.”

‘ఆసుపత్రి ఫోను వెనకాల’ అన్నది ఆమె సొంతం. మిగతా మాటలన్నీ నేను నేర్పినవే. పైవాళ్ల పేరెత్తితే పని జరుగుతుందని చెప్పింది నేను.

కోకిల హెడ్‌సెట్ దించి మంచినీళ్లు తాగింది. “పాపం, మర్యాదస్తురాలు. మూడుసార్లు సారీ చెప్పింది. ఆ తమ్ముడు వెధవ మాత్రం ఎక్కడో చల్లగా కూర్చుని ఉంటాడు,” అంది.

మా గదిలో ఏసీ బాగా పనిచేస్తుంది. “అవును” అన్నాను. లేచి నిలబడాలనీ, ఏదో ఒకటి అనాలనీ తెలుసు. తెలియడం దాకానే జరిగింది. తర్వాతి ఫోను వచ్చింది, మాట్లాడాను. ఆ ఫోనుకు నాకు నూటికి తొంభై ఆరు మార్కులు వేశారు.

7. ఆ సాయంత్రం ఇంట్లో అక్క చెప్పులు విప్పుతూ అడిగింది.

“ఒరేయ్, నీ నెంబరు వాళ్ల దగ్గర లేదట్రా? రెండు వారాలుగా నా దగ్గరికి చేస్తున్నారు, వాళ్లే ఆపేస్తారనుకున్నాను.”

“పోయినట్టుందక్కా.”

“నెంబరు ఎలా పోతుందిరా? గొడుగా?”

“ఎత్తి పక్కన పెట్టెయ్.”

“పక్కన పెడితే పేషెంట్లు ఎలా చేస్తారు? నిన్న దవడ వాచినాయన ఇరవైసార్లు చేశాట్ట. లైను దొరక్క మనిషే వచ్చేశాడు. నోరు తెరవలేడు, తిట్టలేడు, వేలు మాత్రం చూపిస్తున్నాడు నావైపు.” చెప్పులు గోడవార పెడుతూ, “నీది కస్టమర్ల సేవే కదరా, అక్కడెవరైనా తెలిసినవాళ్లుంటే ఓ మాట చెప్పించకూడదూ?” అంది.

“చూస్తానక్కా” అన్నాను. అది మా సెంటర్లో వాడే మాట. దానికి అర్థం ఏమీ లేదు.

8. చేసిన ప్రయత్నం. తమ సంస్థ సహాయ కేంద్రానికి నేనే ఫోను చేశాను. పేరు చెప్పాను, పుట్టినతేదీ చెప్పాను, బాకీ పైసలతో సహా చెప్పాను.

“మీరు ఫోను చేస్తున్న నెంబరు ఆయనది కాదని రికార్డులో ఉంది సార్,” అన్నాడు అవతలి కుర్రాడు.

“ఆ ఆయన్ని నేనే.”

“అందరూ అలాగే అంటారు సార్.”

నా మాట నాకే నచ్చలేదు గనుక అతణ్ణి తప్పుపట్టను. నేనే నేనని రుజువు చేసుకోవడానికి ఆరంకెల గుర్తు పంపుతానన్నాడు. ఆ గుర్తు రికార్డులో ఉన్న నెంబరుకే వెళ్తుంది. ఆ ప్రకారం పళ్ల ఆసుపత్రి ఫోను మోగింది, యంత్రం ఆరుతో మొదలయ్యే ఆరంకెలు చదివింది. అక్క అది ఎవరి ఫోనో తెలియక, ఆరు గంటలకు ఎవరో రావాలనుకుంటున్నారని పుస్తకంలో రాసుకుంది. ఎవరూ రాలేదు.

9. ప్రస్తుత స్థితి. రోజుకు తొమ్మిది ఫోన్లు వెళ్తున్నాయి. నిన్న ఒకటి డాక్టరమ్మే ఎత్తింది. ఎత్తిన తర్వాత అక్కతో అన్న మాటలు అక్క నాకు కూర తరుగుతూ చెప్పింది: “తొమ్మిదేళ్ల నుంచి చూస్తున్నాను, నువ్వు మంచిదానివే. కానీ నా ఆసుపత్రికి అప్పులవాళ్లు ఫోను చేస్తున్నారని పేషెంట్లు అనుకుంటే నేనేం చెప్పుకోను? సోమవారం నుంచి ఆ ఫోను ఇంకొక్కసారి వస్తే వేరే మనిషిని చూసుకుంటాను.” ఈ రోజు గురువారం.

అక్క నన్నేమీ అనలేదు. “పోనీలేరా, ఏడు వాయిదాలేగా” అంది. నాకు ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఉల్లిపాయ కూడా ఆమే తరుగుతోంది.

10. ఒకసారి చెరిపిన నెంబరును తిరిగి ఎక్కించే అధికారం మూడో అంతస్తులో ఎవరికీ లేదు. తమకొక్కరికే ఉన్నది. తమరు నన్ను లిఫ్టులో చూసే ఉంటారు, గుర్తింపు కార్డు నీలం మెడపట్టీ వేసుకుని తలుపు పట్టుకునే మనిషిని. అప్పుడే చెప్పి ఉండవచ్చు. తమరు ఫోన్లో ఉన్నారు. కావున ప్రార్థన:

అ) నా నెంబరు నాదేనని గుర్తించి, రోజుకు తొమ్మిది కాకుంటే పద్దెనిమిది ఫోన్లైనా నాకే చేయించవలెను. పొద్దున ఏడుకు మొదలుపెట్టినా అభ్యంతరం లేదు.

ఆ) పళ్ల ఆసుపత్రి నెంబరును సోమవారం తెల్లవారేలోపు తొలగించవలెను.

ఇ) నా ఖాతా మీద నేనే మూడుసార్లు తప్పుడు మీటలు నొక్కిన విషయమై తగిన చర్య తీసుకోవచ్చును. ఉద్యోగం పోతే మిగిలిన ఏడు వాయిదాలు ఎలా కడతానని తమరు అడగవచ్చు. అడగండి. ఆ ఫోను కూడా నాకే చేయండి.

వేరొకరి నెంబరు తీసేయాలంటే ఆ మనిషి సంతకం ఉండాలని తమ నిబంధన. కావున ఈ కాగితం అక్కకు చూపించవలసి ఉన్నది. ఇంతవరకు చూపించలేదు. నాలుగో అంశం లేకుండా ఇంకో ప్రతి రాసి చూశాను. చక్కగా వచ్చింది. అందులో అంతా తమ యంత్రం తప్పే. అది చింపేశాను.

కాఫీ తాగుతూనైనా సరే, మొత్తంగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ బాకీదారుడు, తమ వసూలుదారుడు, రెండు విధాలా విధేయుడు
(పేరు తమ రికార్డులో ఉన్నది, నెంబరు మాత్రం లేదు)

అక్క సంతకం: (కింద ఉన్నది)

(ఇక్కడి నుంచి వేరే చేతిరాత)

అయ్యా, నేను వాడి అక్కను. కాగితం బల్ల మీద పెట్టి వాడు మెట్ల మీద కూర్చున్నాడు. గంటయింది, లోపలికి రమ్మంటే రావట్లేదు. మొత్తం చదివాను. రెండు రోజులు వాడితో మాట్లాడేది లేదు, అది మా ఇంటి సంగతి.

ఉద్యోగం తీసేయకండి. తీసేస్తే వాయిదాలు నేను కట్టాలి, పైగా రోజంతా ఇంట్లో ఉండి వాడు వేసే జోకులు నేను వినాలి. వాడికి ఏమీ అనిపించట్లేదని రాశాడు, అది నమ్మకండి. నాలుగు రోజులుగా కంచంలో సగం వదిలేస్తున్నాడు.

నా సంతకం పెట్టాను, నెంబరు తీసేయండి. తీసే ముందు మాత్రం ఆసుపత్రికి ఒక్క ఫోను చేయించండి. ఆ గొంతు బాగున్న అమ్మాయి చేత చేయించినా సరే. ఇందులో మీ రిసెప్షనిస్టు తప్పేమీ లేదండీ అని డాక్టరమ్మకు చెప్పమనండి. నేను చెప్తే తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నానంటుంది. శనివారం ఎనిమిదిన్నరకు చేయించండి. నేను తొమ్మిదికి గానీ రాను, ఆవిడే ఎత్తుతుంది.