చెయ్యెత్తని వదిన

మార్చి 3, ఆదివారం

మెట్ల కింద గదిలో నా కుట్టుమెషీన్ ఉండాలా పోవాలా అని ఈ రోజు అపార్ట్‌మెంట్ వాళ్లంతా చేతులెత్తారు. నాకు ఓటు లేదు. గది అద్దెకు తీసుకున్నదాన్ని. వెనకాల స్టూలు మీద కూర్చుని చేతులు చూశాను. ఈ గది పోతే నా పొట్టకూడు పోయినట్టే.

గదిని పార్కింగ్‌కి ఇవ్వాలని ఎనిమిది చేతులు, జిమ్‌కి ఐదు, నాకే ఉంచాలని ఆరు. పార్కింగ్‌కే ఎక్కువ వచ్చాయి, ఇక ఖాయం చేసేద్దాం అన్నాడు ప్రెసిడెంట్. పై అంతస్తు లాయరు గారు ఒప్పుకోలేదు. అందరికన్నా ఎక్కువ రావడం వేరు, సగం దాటడం వేరట. పార్కింగ్ కాదన్నవాళ్లు పదకొండు మంది ఉన్నారుగా అన్నారు. ఆయన చెయ్యి కూడా పార్కింగ్‌కే లేచింది. మరి నా మీద ఇంత ప్రేమ దేనికి? ఏదో ఉంది.

అన్నయ్య కూడా ఎత్తాడు. సొంత అన్నయ్య, పార్కింగ్‌కి! కొత్త కారు వీధిలో పెడితే గీతలు పడుతున్నాయట. ఫ్లాటు వదిన పేరు మీద ఉంది, ఆమె ఇవాళ మీటింగుకి రాలేదు కాబట్టి ఆ చెయ్యి లెక్కలోకి రాలేదు. వచ్చే ఆదివారం మళ్లీ ఎత్తుతారు. పార్కింగా, నేనా.

మార్చి 5

వదిన జాకెట్లు కుట్టమని ఇచ్చి వెళ్లింది. నేనున్నానుగా, దిగులు పడకు అంది. నా కళ్లలోకి మాత్రం చూడలేదు.

మార్చి 8

ప్రెసిడెంట్ భార్య నన్ను చూసి నవ్వింది. మూడేళ్లలో ఇదే మొదటిసారి. నా పని అయిపోయింది.

మార్చి 10, ఆదివారం, మధ్యాహ్నం

వదిన రాలేదు! అన్నయ్య ఫోన్ మీద ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్.

పార్కింగ్‌కి పది. నాకు అదే ఆరు. జిమ్ పోయిందని అలిగిన ముగ్గురు మీటింగుకే రాలేదు. ప్రెసిడెంట్ చప్పట్లు కూడా కొట్టేశాడు. మెషీన్ ఎక్కడ పెట్టుకోవాలా అని నేను ఆలోచనలో పడ్డాను. అప్పుడు లాయరు గారు లేచారు. మామూలు విషయాలకైతే వచ్చినవాళ్లలో సగం దాటితే చాలట. అందరిదీ అయిన గదిని మార్చాలంటే మొత్తం ఫ్లాట్లలో సగం దాటాలట. ఇరవైకి పదకొండు కావాలి. ఒక్కటి తగ్గింది. వచ్చే ఆదివారం ఆఖరిసారి, అదీ కాకపోతే ఏడాది దాకా ఈ ఊసే ఎత్తకూడదు అన్నారు.

బతికాను. కానీ వదిన? మాట ఇచ్చి మాయమైంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా. ఆమె జాకెట్లు మూలకు విసిరేశాను.

మార్చి 12

జాకెట్ల కోసం వచ్చింది. నోటికొచ్చినట్టు కడిగేశాను. అంతా విని, స్టూలు లాక్కుని కూర్చుంది.

మీటింగుకి వస్తే మీ అన్నయ్య పక్కనే ఉంటాడు, పార్కింగ్‌కి ఎత్తక తప్పదు అంది. నీకు ఎత్తితే కాపురమే తలనొప్పి, రాకపోతే తలనొప్పి వచ్చిందని చెప్పుకోవచ్చు అంది. లాయరు గారిని ముందే అడిగి తెలుసుకుందట. రాని చెయ్యి నీ లెక్కలోనే పడుతుందే పిచ్చిదానా అని నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

నాకు ఏడుపొచ్చింది. ఈమెనా నేను ఇన్ని మాటలన్నది? జాకెట్లు దులిపి కుట్టడం మొదలుపెట్టాను.

మార్చి 14

జిమ్ పోయిందని అలిగిన ముగ్గురిలో ఒకాయన మెట్ల మీద ఎదురయ్యాడు. కోపం తగ్గినట్టుంది, మీటింగుకొచ్చి పార్కింగ్‌కి ఎత్తితే పదకొండైపోతాయి, అదే నా భయం. మీకు చాలా అన్యాయం జరిగిందండీ అన్నాను. మళ్లీ అలిగాడు.

మార్చి 17, ఆదివారం, పదకొండు గంటలు

పైన మీటింగ్ మొదలైంది. అన్నయ్య వదిన కోసం వీధంతా గాలించి ఇక్కడికీ వచ్చాడు. గుమ్మంలో నిలబడి, ఈ రొదకు చెవులు పోతున్నాయి, కాసేపు ఆపవే అన్నాడు.

ఆపలేదు. బల్ల కింద వదినకు పొద్దుటి నుంచి దగ్గు.