నొక్కను గాక నొక్కను

సోమవారం, ఉదయం

ఈ రోజు నుంచి బ్యాంకు పేరుతో వచ్చే దొంగ మెయిలు ఒక్కటి కూడా నొక్కను. ఒట్టు!

కారణం: మా బావమరిది. పోయిన నెల "మీకు బహుమతి వచ్చింది" అని బ్యాంకు పేరుతో మెయిలొస్తే నొక్కి, ఖాతాలో ఉన్నదంతా ఊడ్చిపెట్టుకున్నాడు. నిన్న భోజనాల దగ్గర ఆ సంగతి నాలుగుసార్లు గుర్తుచేశాను. ఐదోసారికి వాడు కంచం పక్కకు జరిపాడు.

"సరే బావా, పందెం. నువ్వు ఒక్కటి నొక్కినా నీ ఖాతా నా చేతికి రావాలి. తర్వాత ఏం కొనాలన్నా నన్నడిగే కొనాలి."

"పుస్తకాలు కూడానా?"

"ముందు అవే!"

వాడు పుస్తకాన్ని బరువు చూసి అంచనా కట్టే మనిషి. జీవితమంతా గ్రంథాలయం నడిపిన నేను, పుస్తకం కోసం వాడి ముందు చెయ్యి చాచడమా? పందెం కాశాను.

మధ్యాహ్నం

నియమాలు రాసి కంప్యూటరు పైన అంటించాను.

పంపినవాడి పేరు కాదు, మెయిలు చిరునామా చూడాలి. పేరు ఎవడైనా పెట్టుకుంటాడు.

తొందరపెట్టేవాడు దొంగ.

లింకు నొక్కరాదు. బ్యాంకు సైటుకు మన చేత్తో టైపు చేసుకునే వెళ్ళాలి.

పాస్‌వర్డు, ఓటీపీ బ్యాంకు అడగదు. అడిగితే అది బ్యాంకు కాదు.

మా ఆవిడ చదివి, "ఎంత బాగా రాశారండీ! పాటిస్తే ఇంకా బాగుంటుంది" అంది.

మంగళవారం

మొదటి దొంగ దొరికాడు! "సాయంత్రంలోగా వివరాలు పంపకపోతే మీ ఖాతా మూసివేయబడును." చిరునామా చూద్దును కదా, బ్యాంకు ఊసే లేదు, ఏదో పూలకొట్టుది. బావమరిదికి ఫోన్ చేసి వినిపించాను. "ఊఁ" అన్నాడు. ఎంత హాయిగా ఉందో ఆ "ఊఁ"!

సాయంత్రం

దొంగకు జవాబు రాశాను. రెండు పేజీలు. వాడి తెలివి గురించి, వాణ్ణి పెంచినవాళ్ళ గురించి, వాడి వాక్యాల్లో బొత్తిగా లేని అందం గురించి. జవాబు రాయడం నొక్కడం కాదు. నియమాల్లో ఎక్కడా లేదు.

గురువారం

పొద్దున్నే ఇన్‌బాక్సు నిండా దొంగలు! జవాబిస్తే, "ఈ చిరునామాలో మనిషున్నాడు" అని వాళ్ళందరికీ తెలిసిపోతుందట. బావమరిది చెప్పాడు. మోసపోయి సంపాదించిన జ్ఞానం వాడిది. నాకక్కర్లేదు.

కోపంగా అన్నీ తీసేశాను. ఆ ఊపులో నిజం బ్యాంకు పంపిందీ ఒకటి పోయినట్టుంది. పోతే పోనీ! ముందు ఆ బ్యాంకే నాకు క్షమాపణ చెప్పాలి. మూడేళ్ళ కిందట కౌంటర్లో ఒక కుర్ర అధికారి, నేను కాగితం ఇంకా చదువుతూండగానే లాక్కుని, "పెద్దాయనా, మీకిది అర్థం కాదులెండి, ఇంట్లో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే పంపండి" అన్నాడు. వెనక వరసలో నవ్వు. నా గ్రంథాలయంలో చదువుకుని ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు ఆ వరసలో. అప్పట్నుంచి నెలనెలా ఫిర్యాదు రాస్తున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు.

శుక్రవారం

పార్కు బెంచీ మీద ఉపన్యాసం ఇచ్చాను. "నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు" అన్నాను.

మందుల షాపాయన తల గోక్కుని, "పుట్టే ఉంటాడు మాస్టారూ, ఈపాటికి కంప్యూటర్ కోర్సులో చేరుంటాడు" అన్నాడు.

అందరూ నవ్వారు. షాపాయనకు గ్రంథాలయంలో పుస్తకం ఆలస్యంగా తిరిగిచ్చినందుకు ఒకసారి జరిమానా వేశాను. ఇప్పటికీ మర్చిపోలేదన్నమాట.

ఆదివారం, ఉదయం

వచ్చింది!!

"గౌరవనీయులైన ఖాతాదారు గారికి, మా శాఖలో మీకు జరిగిన అమర్యాదకు తలవంచి క్షమాపణ కోరుతున్నాం. బాధ్యులైన సిబ్బంది సంతకం చేసిన లేఖను స్వీకరించడానికి కింద నొక్కండి."

ఆరుసార్లు చదివాను. "తలవంచి" అన్న మాట దగ్గర ఆగి ఆగి చదివాను.

బాగా ఆలోచించాను. బహుమతి అనలేదు. భయపెట్టలేదు. తొందరపెట్టలేదు. నియమంలో లింకు అని ఉంది, ఇదేమో పచ్చరంగు బొత్తాం. చిరునామా... చూడలేదు. పశ్చాత్తాపంతో వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి ఇంటి అడ్రసు అడుగుతామా?

కాస్సేపటికి

ఖాతా నంబరు అడిగారు. ఎవరికి క్షమాపణ చెప్పాలో తెలియాలి కదా. పాస్‌వర్డు అడిగారు. సంతకం బదులు కాబోలు. ఓటీపీ వచ్చింది, అదీ వేశాను. లేఖ తెరుచుకోవడానికి టైం పడుతుందట.

"ఎందుకండీ మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది మా ఆవిడ.

"న్యాయం గెలిచిందే!"

"ఏ న్యాయం?" అంటూ కళ్ళజోడు వెతుక్కుంది.

మధ్యాహ్నం

బ్యాంకు నుంచట, ఒకమ్మాయి ఫోన్. "సార్, మీ ఖాతా నుంచి ఇప్పుడు జరిగిన కొనుగోలు మీరు చేసిందేనా?" అని. దొంగల కొత్త ఎత్తు! నాలుగు దులిపి ఫోన్ పెట్టేశాను.

మా ఆవిడ నా ఫోన్ తీసుకుని మెసేజీలు చదివింది. "ఏమండీ, పరుగు పందేల బూట్లు మీరెందుకు కొన్నారు? అదీ మూడు జతలు?"

మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కడానికే ఆయాసపడే మనిషిని. ఆవిడ కార్డు వెనకున్న నంబరు చూసి బ్యాంకుకు ఫోన్ చేసి, నన్ను మాట్లాడించి, ఖాతా ఆపించింది. మిగిలింది దక్కింది. బూట్ల డబ్బు మాత్రం పోయింది.

సోమవారం

బావమరిది వచ్చాడు. వాడు నవ్వుతాడని రాత్రంతా జవాబులు తయారుచేసి పెట్టుకున్నాను. నవ్వలేదు వెధవ. అంత తయారీ వృథా!

"ఆ మెయిలు నాకూ వచ్చింది బావా."

"నీకూనా? నిన్ను కూడా అవమానించారా?"

"అందరికీ పంపిందేలే. బ్యాంకు ఎప్పుడైనా ఎవరికైనా సారీ చెప్పిందా అనుకుని తీసేశాను. అయినా నిన్ను ఏమన్నారు ఆ రోజు? ఎప్పుడూ చెప్పలేదే."

చెప్పాను. మొత్తం. వెనక వరసలో నవ్వు దాకా.

"నాకూ అంతే బావా. మోసపోయానని చెప్పుకోడానికి వెళ్తే అదే కౌంటర్లో నవ్వారు. ఇంటికొస్తే ఇక్కడ నువ్వు."

కొత్తగా పెట్టుకున్న పాస్‌వర్డు రాసిన కాగితం పందెం ప్రకారం వాడి ముందు పెట్టాను. వాడు తన దగ్గర ఉంచుకోలేదు. పోనీ వదల్లేదు కూడా. దాన్ని తన పాస్‌వర్డు చీటీతో కలిపి మా ఆవిడ చేతిలో పెట్టాడు. "అక్కా, ఇద్దరివీ నీ దగ్గరే ఉంచు."

మా ఆవిడ చీరకొంగున ముడేసుకుంది. "పుస్తకాలకు అడిగితే ఇస్తాను. బూట్లకు మాత్రం ఇవ్వను" అంది.

మంగళవారం, ఉదయం

ఈ రోజు నుంచి బ్యాంకు పేరుతో వచ్చే దొంగ మెయిలు ఒక్కటి కూడా నొక్కను. ఈసారి ఇద్దరం కలిసి. రోజూ పొద్దున్న వాడు వస్తాడు, నేను పైకి చదువుతాను, చిరునామా వాడు చూస్తాడు. కొత్త నియమం: బుజ్జగించేవాడూ దొంగే.

పది గంటలకు

ఒకటి వచ్చింది. "మా సేవ మీకు ఎలా ఉంది? నొక్కి నక్షత్రాలు ఇవ్వండి."

మూడేళ్ళు ఎదురుచూశాను, ఒక్క నక్షత్రం ఇచ్చే అవకాశం కోసం! ఒకే ఒక్కటి!

బావమరిది మౌసు పీకి జేబులో పెట్టుకున్నాడు.