నా మందు, నా కొలత

చిట్టితల్లి సుహేర్‌కు,

దుమ్యాత్ నుంచి అమ్మ దీవించి రాయునది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా. అస్వాన్ ఎండల్లో నువ్వూ అల్లుడూ జాగ్రత్తగా ఉంటున్నారని తలుస్తాను.

"ఆ మందు పొట్లాలు ఇంకా తాగుతున్నావా? కైరోలో ఆపరేషన్ చేయించుకోరాదా?" అని అడిగావు. తాగుతున్నాను. కైరో వెళ్లను. నాది మూత్రంలో పులుపు, అదే ఆమ్లం, ఎక్కువై కిడ్నీలో కట్టిన రాయి. పులుపు తగ్గితే కరుగుతుందని డాక్టర్ ఇన్సాఫ్ చెప్పింది. భోజనమయ్యాక పొట్లంలోని పొడిని పెద్ద గ్లాసుడు నీళ్లలో పూర్తిగా కలిపి తాగుతాను. పరీక్ష కాగితం మూత్రంలో ముంచి రంగు చూసుకుంటాను. పులుపు మరీ తగ్గిపోయినా ఇంకో రకం రాయి కడుతుందట.

మొన్న శుక్రవారం మీ పెదనాన్న మెత్వల్లీ భోజనానికి వచ్చాడు. బాతు కూర ముగియగానే నా పొట్లాలు మూడు ఒకే గ్లాసులో చింపి పోశాడు.

"తాగు వగీదా! సోడాలాంటిదే కదా. ఇలా చుక్కచుక్క తాగితే ఎప్పటికి కరుగుతుంది?"

గ్లాసు తీసుకెళ్లి తొట్టిలో ఒంపేశాను.

"అందరిముందూ నా మాట కాదంటావా?"

"మీ మాట ఇంట్లో చెల్లుతుంది బావగారూ. నా ఒంట్లో చెల్లదు."

పండు ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు.

అంత మొండితనం ఎందుకంటావేమో. నువ్వు హడలిపోతావని ఇన్నాళ్లూ దాచాను. పోయిన నెల నా కాళ్లు సత్తువ లేక కూలబడ్డాయి, గుండె గతి తప్పింది. ఆసుపత్రిలో ఉంచారు. ఈ మందులో పొటాషియం ఉంది. నా పాత బీపీ మాత్ర దాన్ని ఒంట్లోంచి పోనిచ్చేది కాదు, అలా అది రక్తంలో పేరుకుపోయింది. పైగా బీపీకి మంచిదని మీ పెదనాన్న తెచ్చిచ్చిన ఉప్పు కూడా పొటాషియమేనట! ఉడికించిన చిక్కుడు గింజల మీద రోజూ చల్లుకున్నాను. డాక్టరమ్మ మందు ఆపింది, ఆ ఉప్పు పారేయించింది, బీపీ మాత్ర మార్చింది. రక్తం కుదుటపడ్డాకే తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు రక్తపరీక్ష తప్పనివ్వను. నిన్నటి స్కానింగులో రాయి సగమైంది.

ఇదంతా మీ పెదనాన్నకు చెప్పి పంపాను. నమ్మలేదు. క్షమాపణ చెబితేనే తన కూతురి పెళ్లికి రావాలట.

క్షమాపణ చెప్పను. పెళ్లికి వెళతాను. ఆకుపచ్చ గౌను ఇస్త్రీకి ఇచ్చాను. ముందు వరసలో కూర్చుంటాను, ఎవరు లేపుతారో చూస్తాను.

ఇట్లు,
ఎవరికీ తలవంచని మీ అమ్మ,
వగీదా