ఎంగిలి రాయి

డాక్టరమ్మ గారికి నమస్కారం.

నా రాత గజిబిజిగా ఉంటుంది, ఏమనుకోకండి. నిరుడు మా అమ్మాయికి దవడ కింద ఉమ్మి గొట్టంలో అడ్డుపడ్డ రాయి తీశారు. బట్టలు కుట్టే పిల్ల, గుర్తుందా? మూడు నెలలకి బస్సు గుద్ది చనిపోయింది. రాయికీ దానికీ సంబంధం లేదు, తెలుసు.

ఇప్పుడు నాకూ అటుపక్కే వాస్తోంది. ముద్ద నోట్లో పెట్టగానే ఉబ్బుతుంది, గంటకి తగ్గుతుంది. పిల్లకీ అచ్చం ఇలాగే ఉండేది. అప్పుడు "నా వంటకి మొహం అలా పెడతావేమే" అని తిట్టేదాన్ని. ఇప్పుడు తినేటప్పుడల్లా నా దవడలో అదే కూర్చుని తింటున్నట్టుంటుంది.

నీళ్ళు తక్కువ తాగితే వస్తుందా అమ్మా? "మాటిమాటికీ లేస్తే కుట్టు సాగదు, నీళ్ళు తాగకు" అని దానికి నేర్పింది నేనే. నా వల్లే వచ్చిందేమో, దాచకుండా చెప్పండి.

ఆ రాయిని కాగితంలో చుట్టి తెచ్చింది. బియ్యపు గింజంత. "చూడవే అమ్మా, నీ కూతురు ముత్యాన్ని కన్నది" అని నవ్వింది. "ఛీ, ఎంగిలిది, అవతల పారెయ్" అన్నాను. పారేసింది.

చిన్నప్పుడు అది వదిలేసిన ఎంగిలి మెతుకులతోనే కడుపు నింపుకున్నాను. ఆ రోజు ఆ మాట నోటికెలా వచ్చిందో.

సోమవారం వస్తాను. నా రాయి తీశాక పారెయ్యకండి. కడగొద్దు కూడా. నా చేతిలో పెట్టండి.

ఇట్లు,
ఆ పిల్ల తల్లి